సెల్ఫ్ కొడితే టక్‌మంటుంది, తిరగదు

ఈశాన్య వానలు గట్టిగా పడి, పైన కడప జిల్లాలో వాగులన్నీ పారితే సోమశిల నిండుతుంది. ఆత్మకూరు నుంచి పడమరగా, అనంతసాగరం మీదుగా పోతే వస్తుంది సోమశిల. వెలిగొండలను దాటుకుని పెన్న మైదానంలోకి దిగే చోట కట్టిన ఆనకట్ట అది. నిండితే 78 టీఎంసీలు. నీటిమట్టం 330 అడుగులు తాకిందంటే వెనక నీళ్లు కడప జిల్లా పల్లెల వైపు కనుచూపు మేర పరుచుకుంటాయి. చేపల వేటకు పోయే పుట్టికీ తెప్పకీ తెడ్డు ఉంటే చాలు. ఇంజిన్ బిగించిన పడవ సంగతి వేరు. ఎండాకాలమంతా గట్టు మీద పట్టా కప్పి ఉంచిన పడవను చలికాలం పొద్దున నీళ్లలోకి దించుతారు. డీజిల్ పోస్తారు. తాళం తిప్పుతారు. ‘టక్’మని ఒక చప్పుడు, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. ఇంజిన్ మాత్రం కదలదు.

ఇవాళ మన కబుర్లు ఆ ‘టక్’ గురించే.

ఉదయగిరి వైపు పాఠకులు వెంటనే అడుగుతారని తెలుసు: ‘మా మెట్టలో పడవేంది సామీ, బోర్లో నీళ్లు రావడమే కష్టంగా ఉంటే?’ అని. నిజమే. కానీ మీ ఇంటి ముందు ట్రాక్టర్ ఉంది కదా. ఆ ట్రాక్టర్‌కీ, ఆ పడవలో డీజిల్ ఇంజిన్‌కీ స్టార్ట్ అయ్యే పద్ధతి ఒకటే. బ్యాటరీ, లావు కేబుల్, సోలినాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్చి, సెల్ఫ్ మోటారు, మళ్లీ బ్యాటరీకి ఎర్త్ తీగ. దుత్తలూరు రోడ్డు మీద ఆగిపోయిన ట్రాక్టర్ జబ్బు తెలిస్తే, సోమశిల గట్టున ఆగిపోయిన పడవ జబ్బు ముప్పాతిక వంతు తెలిసినట్టే. మిగిలిన పాతిక ఎక్కడ వేరో మధ్యలో చెబుతాను. అది చాలామంది మెకానిక్కులు కూడా జారిపడే చోటు.

మన పెద్దలకు ఈ బాధ లేదు. బావుల మీద ఆయిల్ ఇంజిన్లు డుగడుగలాడిన కాలంలో బ్యాటరీ మాటే లేదు. డీకంప్రెషన్ మీట ఎత్తిపట్టి, హ్యాండిల్ వేసి తిప్పి, చక్రం వేగం అందుకోగానే మీట వదిలేస్తే ఇంజిన్ అందుకునేది. డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. కావలసిందల్లా ఆ మొదటి నాలుగు చుట్లు తిప్పే బలం. ఆ బలం అప్పట్లో మనిషి భుజానిది. హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది కూడా. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు చేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లకు వచ్చింది. ఆ తర్వాత లోకమంతా పాకింది. భుజం పని బ్యాటరీకి పోయింది. హాయిగానే ఉంది. కాకపోతే ఆ బలం ఇప్పుడు అరడజను కీళ్లు దాటి రావాలి. ఏ ఒక్క కీలు దగ్గర అడ్డు పడినా ఇంజిన్ దాకా చేరదు.

ఉదయగిరి దుర్గం కథ గుర్తు చేసుకోండి. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటను పట్టుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వేయాల్సొచ్చింది. 1514లో గానీ అది లొంగలేదు. అంత కొండ, అన్ని బురుజులు, లోపల అంత సైన్యం. అన్నీ ఉన్నా, దారులు మూసుకుపోయి లోపలికి తిండీ సామగ్రీ అందకపోతే కోట నిలవలేదు. ఇంజిన్ కూడా అంతే. బ్యాటరీ మంచిదై, మోటారు మంచిదై, మధ్యలో దారి మూసుకుపోతే చాలు. మనం మాత్రం దారి చూడకుండా బ్యాటరీని, కాకపోతే మోటారుని మారుస్తూ కూర్చుంటాం.

ఇక్కడే అసలు విషయం ఉంది. కొంచెం లెక్క చెబుతాను, భయపడకండి. ఇంటి ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టినట్టు, మనవాళ్లు ఒక బల్బుకి రెండు తీగలు కట్టి సెల్ఫ్ దగ్గర పెట్టి చూస్తారు. బల్బు వెలిగితే ‘కరెంటొస్తా ఉంది, మోటారే పోయింది’ అని తేల్చేస్తారు. ఆ బల్బు తాగేది ఒకటి రెండు ఆంపియర్లు. చిన్న డీజిల్ ఇంజిన్‌ను తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటారు తాగేది నూరు, నూటయాభై, ఒక్కోసారి అంతకు మించి. టెర్మినల్ దగ్గర తుప్పు పట్టి, ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు, అంటే 0.02 ఓమ్ చేరిందనుకోండి. బల్బు కరెంటు పారేటప్పుడు అక్కడ పోయేది వోల్టులో పాతికో వంతు లోపే, కంటికి ఆనదు. అదే కీలు గుండా 150 ఆంపియర్లు పోవాలంటే అక్కడే మూడు వోల్టులు మాయం. పన్నెండులో మూడు పోతే మోటారుకు మిగిలేదేముంది? బల్బు అబద్ధం చెప్పలేదు, దాన్ని అడగాల్సిన ప్రశ్న మనం అడగలేదు. బరువు మోస్తున్నప్పుడు కొలిస్తేనే కీలు బండారం బయటపడుతుంది.

అందుకని తాళం తిప్పగానే పానా పట్టుకోకండి. ముందు వినండి. ఇంజిన్ మూడు రకాలుగా మాట్లాడుతుంది.

ఒకటి, ఏ చప్పుడూ రాకపోవడం. అప్పుడు జబ్బు ఎక్కువగా సన్న తీగల దారిలో ఉంటుంది: ఫ్యూజు, తాళం స్విచ్చి, సోలినాయిడ్‌కు పోయే చిన్న తీగ. పడవలో అయితే ఇంకో రెండు: బ్యాటరీ మెయిన్ స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి. గేరు న్యూట్రల్లో లేకపోతే సెల్ఫ్ పని చేయకుండా పెట్టిన ఏర్పాటు అది. నీళ్లలోకి దించేటప్పుడు ఎవరి మోకాలో తగిలి గేరు మీట కొంచెం జరిగినా చాలు, ఇంజిన్ మూగదైపోతుంది. మీటను అటూ ఇటూ ఆడించి మళ్లీ న్యూట్రల్లో పెట్టి తాళం తిప్పండి. పైసా ఖర్చులేని వైద్యం, మొదట చేయాల్సింది అదే.

రెండు, టకటకటకమని వరసగా కొట్టుకోవడం. సోలినాయిడ్ లాక్కుంటోంది, లాక్కోగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తోంది, వదలగానే వోల్టేజి లేచి మళ్లీ లాక్కుంటోంది. దాదాపుగా ఇది బ్యాటరీ డౌన్ అయిన చప్పుడు, లేదా బ్యాటరీ తల మీద టెర్మినల్ వదులైన చప్పుడు.

మూడు, మనం మొదట చెప్పుకున్న ఒంటి ‘టక్’. సోలినాయిడ్ గట్టిగానే పట్టుకుంది, మోటారు తిరగలేదు. లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, మోటారు కార్బన్లు అరిగి ఉండొచ్చు, లావు కేబులో ఎర్తో అందకపోయి ఉండొచ్చు, ఇంజినే బిగుసుకుపోయి ఉండొచ్చు. ఎటు వైపు వెతకాలో తేల్చడానికి ఒక్క లైటు చాలు. ఆత్మకూరులో ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు నిలబడ్డా ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

‘అన్నా, బ్యాటరీ మార్చి వారం కూడా కాలా. సెల్ఫ్ తీసుకోడంలా. మోటారు పోయిందంటావా?’

‘మోటారు సంగతి తర్వాత చూద్దాం సామీ. లైటేస్తే వెలగతందా?’

‘బ్రహ్మాండంగా వెలగతంది.’

‘లైటు వెలగతా ఉండంగానే సెల్ఫ్ కొట్టు. ఏమైంది?’

‘పూర్తిగా ఆరిపోయిందన్నా.’

‘అయితే టెర్మినల్ కాడ చెయ్యి పెట్టి చూడు, కాలతందేమో. జబ్బు మోటారు దాకా పోలేదు, బ్యాటరీ నెత్తి మీదే ఉండాది.’

ఎంత చక్కటి పరీక్షో చూశారా! సెల్ఫ్ కొట్టినప్పుడు లైటు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీలో బలం లేదు, లేదంటే బ్యాటరీ తల మీది కీలు చెడింది. లైటు ఏమాత్రం తగ్గకుండా అలాగే వెలుగుతుంటే లావు కరెంటు అసలు పారడమే లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు, కార్బన్లు, మోటారుకు పోయే కేబుల్, ఇంజిన్ ఎర్తు చూడాలి. లైటు బాగా మందగించి, ఆరకుండా, మోటారు మూలిగి ఆగిపోతే కరెంటు పారుతోంది గానీ పని జరగడం లేదని అర్థం. మోటారో ఇంజినో బిగుసుకుంది. పడవ ఇంజిన్లో ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సిలిండర్లోకి నీళ్లు చేరితే నీళ్లు నొక్కుకోవు, పిస్టన్ కదలదు. పట్టుబట్టి సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇక మల్టీమీటరు. చిన్నది చవకగానే దొరుకుతుంది. దాన్ని ఇరవై వోల్టుల డీసీ మీద పెట్టి నాలుగు చోట్ల కొలిస్తే చాలు. మొదట ఇంజిన్ కదపకుండా, బ్యాటరీ రెండు సీసపు ముంతల మీదే ముళ్లు పెట్టండి, క్లాంపుల మీద కాదు. 12.6 పైన ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. పన్నెండు లోపలైతే ముందు చార్జింగు పెట్టించి తర్వాత మాట్లాడాలి. రెండోసారి ముళ్లు అక్కడే ఉంచి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ ముసలిదైంది, లేదా మోటారు మితిమీరి తాగుతోంది. జారకపోతే బ్యాటరీని వదిలేయండి, అది నిర్దోషి.

మూడోది అసలైన కొలత. ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ ముంత మీద, నల్ల ముల్లు సెల్ఫ్ మోటారు బోల్టు మీద. ఇప్పుడు సెల్ఫ్ కొడితే మీటరు చూపేది దారిలో పోగొట్టుకున్న వోల్టేజి. అర వోల్టు లోపు ఉంటే సరే. రెండో మూడో చూపితే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ముల్లును ఒక్కో కీలు దాటిస్తూ రండి: ముంత నుంచి క్లాంపు, క్లాంపు నుంచి లగ్గు, లగ్గు నుంచి మెయిన్ స్విచ్చి, సోలినాయిడ్ ఇటు బోల్టు నుంచి అటు బోల్టు. ఎక్కడ అంకె ఒక్కసారిగా పెరిగిందో అక్కడే ఉంది. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మెరిసేదాకా శుభ్రం చేసి బిగిస్తే పని అయిపోయింది. నాలుగోది మైనస్ వైపు ఇదే పని: బ్యాటరీ మైనస్ ముంత నుంచి ఇంజిన్ దిమ్మకు. ఇక్కడ ఇంకా తక్కువ, 0.3 వోల్టు లోపు ఉండాలి.

ఆ నాలుగో కొలత దగ్గరే పడవకూ ట్రాక్టర్‌కూ తేడా. ట్రాక్టర్ ఒళ్లంతా ఇనుము. బ్యాటరీ మైనస్‌ను ఛాసిస్‌కు ఎక్కడ బిగించినా కరెంటు ఇనుము గుండా తిరిగొస్తుంది. ట్రాక్టర్లు చూసి చూసి మన మెకానిక్కు చేతికి అదే అలవాటు. కానీ పడవ చెక్కదో ఫైబర్‌దో. దాని ఒంట్లో కరెంటు పారదు. ఇంజిన్ దిమ్మ నుంచి బ్యాటరీ మైనస్ దాకా ప్లస్ కేబుల్ అంత లావు తీగ విడిగా రావాల్సిందే. చాలా పడవల్లో ఆ తీగ ఇంజిన్ అడుగున, నీళ్లూ నూనే మడ్డీ చేరే చోట బిగించి ఉంటుంది. ఎవరూ వంగి చూడరు. ఆ కీలు చెడినప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్ గుండానో గేరు కేబుల్ గుండానో తిరిగిపోవాలని చూస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కేబుల్ వేడెక్కిందంటే ఇంజిన్ ఎర్తు పోయిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే? డీజిల్ ఇంజిన్ అయితే స్టాప్ సోలినాయిడ్ చూడండి. చాలా ఇంజిన్లలో తాళం వేయగానే అది చిన్న చప్పుడుతో డీజిల్ దారి తెరవాలి. దాని సన్న తీగ ఊడితే ఎంతసేపు తిప్పినా డీజిల్ పోదు. దానికి కూడా కరెంటు బాగుంటే అప్పుడు ఫిల్టర్లో నీళ్లు, పైపులో గాలి వెతకాలి. పడవ వెనక తగిలించే పెట్రోలు ఇంజిన్ అయితే మొదట చూడాల్సింది కిల్ స్విచ్చి. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోవడానికి మణికట్టుకు కట్టుకునే తాడు, దాని క్లిప్పు. ఆ క్లిప్పు సరిగా కూర్చోకపోతే ప్లగ్గులో నిప్పురవ్వ రాదు. ఆ తాడు అడ్డమని క్లిప్పును శాశ్వతంగా కట్టేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అది ప్రాణం కోసం పెట్టిన తాడు.

మరి ఇన్ని కీళ్లు ఎందుకు చెడతాయి? మన పడమటి నెల్లూరు ఎండే సగం కారణం. ఉదయగిరి, మర్రిపాడు, ఆత్మకూరు వైపు మే నెల వడగాలి సంగతి మీకు నేను చెప్పాలా? వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఊరికే కూర్చుని తనంతట తాను దిగిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. బ్యాటరీ వాటర్ ఇగిరి ప్లేట్లు బయటపడతాయి. దిగిపోయిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగు పెట్టినా ఎక్కదు. నీళ్లు తగ్గగానే పడవను గట్టెక్కించి, బ్యాటరీని అందులోనే వదిలి పోతే జరిగేది ఇదే. నీళ్లలో పడవ పడే బాధల కంటే గట్టు మీద బ్యాటరీ పడే బాధే ఎక్కువ.

దీనికి మందు చాలా సులువు. పడవ గట్టెక్కిన రోజే బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చి నీడలో పెట్టండి. నెలకోసారి చార్జింగు చేయించండి. లేదా చార్జ్ కంట్రోలర్‌తో చిన్న సోలార్ పలక తగిలించండి. మనకు ఎండకు కొదవ లేదు. డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూసిన పొడిని వేణ్నీళ్లలో వంటసోడా కలిపి కడగండి. ఆ సోడా నీళ్లు సెల్లులోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. తుడిచి, ఆరబెట్టి, బిగించిన తర్వాత పైన వాసెలిన్ రాయండి. పట్టా కింద ఎలుకలు చేరి తీగలు కొరికాయేమో పడవ దించే ముందే చూడండి. హైడ్రోమీటరు ఉన్న షాపులో ఆరు సెల్లులూ చూపించండి. అయిదు ఒక తీరున ఉండి, ఒక్కటి మాత్రం యాభై పాయింట్లు తేడా చూపితే ఆ సెల్లు చచ్చింది, ఆ బ్యాటరీ మీద ఇంక డబ్బు పెట్టొద్దు.

ప్రాణానికి సంబంధించిన మాటలు నాలుగు. చార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వొద్దు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. అప్పుడు పానా పొరపాటున ఇంజిన్‌కు తగిలినా మెరుపులు రావు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకితే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి, పీకొద్దు. సోలినాయిడ్ రెండు బోల్టుల మీద స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అలా చేస్తే న్యూట్రల్ స్విచ్చి కాపలా తప్పిపోతుంది. గేరులో ఉన్న పడవ ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. పెట్రోలు ఆవిరి ఉన్న చోట అయితే ఆ నిప్పురవ్వ చాలు మంటకు.

ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2021 నవంబరు 19న పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు వచ్చాయి. గేట్లెత్తి వదిలిన వరదకు కింద నెల్లూరు దాకా లోతట్టు ఊళ్లు మునిగాయి. అలాంటి రాత్రి ఇంజిన్ పడవ అంటే షికారు కాదు, మేడ మీద నిలబడిన మనుషులకు దారి. అప్పుడు తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకోవడానికి వీల్లేదు. అది తేలేది ఆ రాత్రి కాదు, అంతకు ఆర్నెల్ల ముందు బ్యాటరీని నీడలో పెట్టామా లేదా అన్న దగ్గర.

కనుక పడవ ఉన్నవాళ్లకూ, ట్రాక్టర్ ఉన్నవాళ్లకూ ఒకటే మనవి. కొత్త బ్యాటరీ, కొత్త మోటారు కొనే ముందు మీటరు పెట్టి, సెల్ఫ్ కొడుతూ కొలిపించండి. ‘మార్చేద్దాం’ అనే మెకానిక్కుని కాదు, ‘కొలిచి చూద్దాం’ అనే మెకానిక్కుని వెతుక్కోండి. పడవలో తెడ్డు, లంగరు తాడు, ఎక్కే ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ లేకుండా ఇంజిన్ ఎంత బాగున్నా గట్టు వదలకండి.